నీళ్లు పోస్తే మట్టి దిగిపోతోందా? పూడ్చే ముందు అది ఎటు పోతోందో చూడండి

నీళ్లు పోసి పైపు పక్కన పెట్టేలోపే మొక్క మొదట్లో పిడికిలి పట్టేంత గుంట పడి ఉంటుంది. ఇంకో తట్ట మట్టి తెచ్చి పూడుస్తాం. నాలుగు రోజులకు అదే చోట మళ్లీ అదే గుంట. నేనైతే ఒకే గుంటను మూడుసార్లు పూడ్చాను, నాలుగోసారి తవ్వి చూశాకే అసలు సంగతి తెలిసింది. అందుకే చెబుతున్నా, తట్ట ఎత్తే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఆ మట్టి ఎటు పోయింది?

లోపలి ఖాళీలు మూసుకుని మట్టి అక్కడికక్కడే అణిగిపోవచ్చు. మట్టిలో కలిసి ఉన్న ఆకు, కొమ్మ, ఎరువు కుళ్లి తగ్గిపోవచ్చు. లేదా నీటితో పాటు మట్టి కూడా కింద ఏదో దారి గుండా కొట్టుకుపోతూ ఉండవచ్చు. మొదటి రెండింటికీ టెన్షన్ అక్కర్లేదు. మూడోదైతే మాత్రం ఆ దారి మూసేదాకా ఎంత పోసినా పోతూనే ఉంటుంది.

తేల్చుకోవడానికి మీటరు పొడవు ఇనుప ఊచ, ఒక బకెట్ నీళ్లు చాలు. ఊచను గుంటలోనూ, దాని చుట్టూ జానెడు దూరంలో నాలుగైదు చోట్లా నెమ్మదిగా దించండి (కింద కరెంటు కేబులో నీటి పైపో ఉందని అనుమానం ఉంటే ఈ పని వద్దు). పైనుంచి కిందిదాకా ఒకే తీరున దిగిందంటే మట్టి వదులుగా ఉంది, అంతే. కొంతదూరం బిగువుగా దిగి, ఉన్నట్టుండి చెయ్యి జారినట్టు లోపలికి పోయిందంటే అక్కడ బోలుగా ఉంది. తర్వాత నీళ్లు పోయండి. బుడగలు వస్తూ, కాసేపు నిలిచి ఇంకితే ఖాళీల్లోని గాలి బయటికి వస్తోందన్నమాట. అస్సలు నిలవకుండా గడగడా దిగిపోతే కింద దారి ఉంది.

ఒక్క సందర్భంలో ఈ పరీక్షలేవీ చెయ్యొద్దు. పైన కన్నం చిన్నగా ఉండి లోపల కడుపు వెడల్పుగా కనిపిస్తున్నా, గుంట చుట్టూ వలయంలా పగుళ్లు ఉన్నా, అది పాత బావో, పూడ్చిన గొయ్యో, పాడైన సెప్టిక్ ట్యాంకో కావచ్చు. అంచు మీద నిలబడితే అంచే కూలుతుంది. నీళ్లు ఆపేసి, పిల్లలు అటు రాకుండా బాగా దూరంగా తాడు కట్టి, ఇంజినీరును పిలవండి.

మడి మొత్తం ఒకే తీరున దిగింది

కొత్తగా నింపిన మడి, ఈమధ్యే లోతుగా తవ్విన నేల అయితే కారణం వెతకక్కర్లేదు. డబ్బాలో పిండి నింపి నేలకు తడితే ఎలా దిగుతుందో ఇదీ అంతే. పొడి మట్టిలో బెడ్డలు ఒకదాని మీద ఒకటి ఆని నిలబడి ఉంటాయి, మధ్యలో గాలి. నీళ్లు తగలగానే ఆ పట్టు సడలి బెడ్డలు చితికి ఖాళీల్లోకి జారతాయి. వట్టి కంపోస్టుతో నింపిన మడి ఇంకా ఎక్కువ దిగుతుంది, ఎందుకంటే అది అణగడమే కాదు, ఏడాది పొడవునా కుళ్లుతూ తగ్గుతూనే ఉంటుంది.

జానెడు మందాన మట్టి వేసి తడిపి, నీళ్లు ఇంకాక అరచేత్తో నొక్కి, ఆ పైన ఇంకో వరుస వేయండి. కాలితో తొక్కి గట్టి చేయొద్దు, వేళ్లకు గాలి ఆడదు. అంచు కన్నా కాస్త ఎత్తుగా నింపి ఒకట్రెండు వారాలు అణగనిచ్చాకే మొక్కలు పెట్టండి. నాటిన మొక్కే మట్టితో పాటు దిగిపోతే కాండం మీద మట్టి పోసి సరిపెట్టకండి, మొదలు కుళ్లుతుంది. మొక్కను వేళ్ల ముద్దతో సహా ఎత్తి, కింద మట్టి నింపి, పాత మట్టం దగ్గరే మళ్లీ నిలబెట్టాలి.

పూడ్చిన చోటే మళ్లీ మళ్లీ గుంట

నా గుంట ఇదే. ఎప్పుడో కొట్టేసిన చెట్టు తాలూకు వేరు ఒకటి కింద ఉండిపోయింది. తవ్వితే చెయ్యి మందం వేరు బయటపడింది, బెరడు చెక్కుచెదరలేదు, లోపల చేవంతా నల్లగా స్పాంజిలా మెత్తబడి వేలితో నొక్కితే నీరు కారింది, కొన్నిచోట్ల అసలు ఏమీ లేదు, అచ్చం గొట్టం. నేను పోసిన మూడు తట్టల మట్టీ ఆ గొట్టంలోనే బురదై పేరుకుని ఉంది. ముందే కనిపెట్టి ఉండాల్సింది, తడి రోజుల్లో అక్కడ పుట్టగొడుగులు ఒక గీత గీసినట్టు వరసగా మొలిచేవి. కింద కుళ్లుతున్న కట్టె ఉందనడానికి అదో గుర్తు.

పరిష్కారం ఒక్కటే, గునపం పట్టుకోవడం. వేరు దొరికినంత మేరా తీసేసి, కందకాన్ని పక్క నేల మట్టితోనే వరుసలుగా నింపండి. కంకర, చెత్త వేయొద్దు. కంకర సందుల్లోకి మట్టి జారుతూనే ఉంటుంది, చెత్త మళ్లీ కుళ్లుతుంది.

గుండ్రటి కన్నం, పక్కన తాజా మట్టి కుప్ప

ఎలుక గానీ పందికొక్కు గానీ. సాయంత్రం కన్నానికి కొంచెం మట్టి అడ్డం పెట్టి పొద్దున చూడండి, తెరిచి ఉంటే లోపల కాపురం ఉన్నట్టే. కన్నంలో చెయ్యి మాత్రం పెట్టకండి, ఎలుక బొరియలో పాములు కూడా చేరతాయి. నీళ్లు పోసి తరమాలని చూస్తే సొరంగం కూలి గుంట పెద్దదవుతుంది, ఎలుక ఇంకో ద్వారం నుంచి పోతుంది. బోనుతో దాన్ని వదిలించుకుని, సొరంగం వెంట తవ్వి కూల్చి నింపండి. దగ్గర్లో కట్టెల కుప్పలు, చెత్త ఉంటే ముందు అవి తీసేయాలి. కొత్త మడి కట్టేవాళ్లు అడుగున 12 మిల్లీమీటర్లు మించని కన్నులున్న గాల్వనైజ్డ్ (జింకు పూత వేసిన) ఇనుప తీగ జల్లెడ పరిస్తే ఈ బాధ చాలావరకు ఉండదు.

నీళ్లు పోయని రోజున కూడా అక్కడ తడే

లీకేజీ. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి నీటి మీటరు అంకె రాసుకుని గంట తర్వాత చూడండి, కదిలిందంటే మీటరు తర్వాత ఎక్కడో కారుతోంది. మురుగు పైపు పగిలితే మీటరులో తెలియదు, అప్పుడు గుంట ఆ పైపు వరసలో ఉందా, వాసన వస్తోందా చూసుకోండి. పైపు బాగుచేయించాకే పూడ్చాలి.

నేల నెర్రెలిచ్చి, నీళ్లు పగుళ్లలోకి పోతున్నాయి

బంకమట్టి ఎండితే ముడుచుకుంటుంది, తడిస్తే ఉబ్బుతుంది. నెర్రెలు విచ్చాక ఒక్కసారిగా నీళ్లు వదిలితే అంచులు విరిగి లోపల పడతాయి. కొద్దికొద్దిగా రెండు మూడు విడతలు పోయండి, ఎండుటాకులో గడ్డో నాలుగు వేళ్ల మందాన కప్పి నేలను అంతగా ఎండనివ్వకండి.

అదే మట్టి నీళ్లలో పాలలా కరిగిపోతూ సొరంగాలు పడుతుంటే మాత్రం అది సోడియం ఎక్కువైన చౌడు కావచ్చు. గోళీ అంత ఎండు బెడ్డను గాజు గ్లాసులో వాన నీళ్లలో వేసి, కదపకుండా కొన్ని గంటలు వదిలేయండి. బెడ్డ విడిపోయి నీళ్లు తేటగానే ఉంటే సేంద్రియ ఎరువు తక్కువైందని అర్థం. బెడ్డ చుట్టూ తెల్లటి మబ్బు కమ్మితే సోడియం పనే. కుళాయి నీళ్లు వాడొద్దు, వాటిలోని లవణాలు ఆ మబ్బును కనపడనివ్వవు. మట్టి పరీక్ష చేయించి, అందులో చెప్పిన మోతాదులో జిప్సం కలపాలి. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని తోసేస్తుంది, తర్వాత బాగా నీళ్లు పెట్టి అది బయటికి పోయే దారి చూపాలి.

పైపు పెట్టిన చోటే గుంట

ఇది ధార దెబ్బ. పైపు మూతికి షవర్ తగిలించండి, లేదా ధార పడేచోట ఒక చదును రాయి పెట్టండి.

కుండీల్లో అయితే బాగా ఎండిన మట్టి గోడను వదిలి ముడుచుకుంటుంది, పోసిన నీళ్లు ఆ సందులోంచి నేరుగా అడుగు రంధ్రానికి పోతూ మట్టిని కూడా పట్టుకుపోతాయి. కుండీని నీళ్ల టబ్బులో బుడగలు ఆగేదాకా ఉంచి, తీశాక అంచు వెంట మట్టి నింపి బొటనవేలితో నొక్కండి.