ఘాట్ ఎక్కే ముందు వెనక బ్యాటరీ తీగ చూడండి

మొన్న అనంతగిరి ఘాట్‌లో ఒక పాత క్యాంపర్ వ్యాను మంచం కింద నుంచి పొగ లేచింది. లోపలున్నవారు ప్రాణాలతో దిగారు. చల్లారాక ప్లైవుడ్ పలక ఎత్తి చూస్తే, ఇంజను బ్యాటరీ నుంచి వెనక బ్యాటరీకి (వ్యాను లోపలి దీపాలకు, ఫ్యాన్లకు వాడే రెండో బ్యాటరీకి) వెళ్ళే ఎర్ర తీగ తొడుగు కరిగి కార్పెట్‌కు అతుక్కుపోయి ఉంది. ఫ్యూజు ఉండవలసిన చోట మెలితిప్పిన రాగి తీగ ఉంది.

బళ్ళను తగలబెట్టే పని ఇదే. వెనక బ్యాటరీ ఛార్జి కాదు, ఫ్యూజు మాటిమాటికీ పోతుంది, ఎవరో ఒకరు ఫ్యూజు తీసేసి తీగ చుడతారు. అరకుకో లంబసింగికో వెళ్ళాలనే తొందరలో ఈ చలికాలంలోనూ కొందరు అదే చేయిస్తారు. చేయించకండి.

ముందు కొలవండి. మామూలు మల్టీమీటర్ చాలు. రాత్రంతా ఏమీ వాడకుండా వదిలి ఉదయం చూస్తే, లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే 12.7 వోల్టులు, సగమే ఉంటే సుమారు 12.2 చూపిస్తుంది. ఇంజను స్టార్టు చేసి మళ్ళీ చూడండి. ముందున్న ఇంజను బ్యాటరీ దగ్గర 14 దాకా వచ్చి, వెనక అంకె కదలకపోతే లోపం మధ్య దారిలో ఉంది: ఫ్యూజు, రిలే (ఇంజను నడిచేటప్పుడు రెండు బ్యాటరీలనూ కలిపే స్విచ్చు), తీగ, ఎర్త్ (మైనస్‌ను బండి బాడీకి కలిపే చోటు). ఈ నాలుగూ చూడకుండా కొత్త బ్యాటరీ కొంటే అదీ ఖాళీగానే కూర్చుంటుంది. ఇంజను బ్యాటరీ దగ్గరే పెరగకపోతే ఆల్టర్నేటర్ (ఇంజనుతో తిరుగుతూ కరెంటు పుట్టించేది) చూపించండి. కొన్ని బీఎస్-6 బళ్ళలో మాత్రం ఆల్టర్నేటర్ తనంతట తానే వోల్టేజి తగ్గించుకుంటుంది. వాటికి మామూలు రిలే సరిపోదు, తగ్గిన వోల్టేజిని సరిచేసి వెనక బ్యాటరీకి ఇచ్చే డీసీ-డీసీ ఛార్జర్ కావాలి.

విశాఖలో నేను మొదట అనుమానించేది ఎర్త్‌ను. బీచ్ రోడ్డులోనో భీమిలిలోనో ఉప్పుగాలికి నిలిపిన బండిలో ఎర్త్ బోల్టు పైకి బిగుతుగానే కనిపిస్తుంది, విప్పితే అడుగున పచ్చటి చిలుము ఉంటుంది. అక్కడ 0.05 ఓమ్‌ల నిరోధం ఉన్నా, 40 ఆంపియర్లు పారేటప్పుడు 2 వోల్టులు ఆ బోల్టు దగ్గరే పోతాయి. 80 వాట్ల వేడి అక్కడే పుడుతుంది. బ్యాటరీకి చేరేది 12 వోల్టులే అయితే అది ఎలా నిండుతుంది? విప్పి, గీకి, మెరిసే లోహం కనిపించాక బిగించండి.

ఇక ఫ్యూజు. అది ఉన్నది తీగను కాపాడడానికి. రేకు రంధ్రంలో తీగ రాసుకుని తొడుగు చిరిగితే ఫ్యూజు పోతుంది. అప్పుడు 30 ఆంపియర్ల ఫ్యూజు తీసి 60 వేస్తే చిరుగు అలాగే ఉంటుంది, ఫ్యూజుకు బదులు తీగ కాలుతుంది. అందుకే మళ్ళీ చెబుతున్నాను: పెద్ద ఫ్యూజు వేయకండి, తీగ చుట్టకండి. ఎందుకు పోయిందో కనిపెట్టేదాకా మరో ఫ్యూజు కూడా పెట్టకండి.

తీగకు రెండు చివర్లా బ్యాటరీ ఉంది కాబట్టి ఫ్యూజు రెండు చివర్లా, బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఉండాలి.

విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. లేకపోతే ప్లస్ మీదున్న స్పానర్ బాడీకి తగిలి నిప్పు లేస్తుంది.

ఉంగరం, గాజులు, గొలుసు తీసేయండి.

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడదీయకండి.

ఛార్జి అవుతున్న లెడ్ యాసిడ్ బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది 4 శాతం చేరితే అంటుకుంటుంది. మంచం కింద పెట్టె మూసేసి ఉంటే గొట్టం బయటికి పెట్టించండి.

ఉబ్బిన బ్యాటరీని, కుళ్ళిన గుడ్డు వాసన వచ్చే బ్యాటరీని ఛార్జి చేయకండి.

లెడ్ యాసిడ్ తీసి లిథియం వేస్తే ఛార్జర్ కూడా దానికి తగినదే ఉండాలి.

లంబసింగిలో బాగా చలి పడిన రాత్రి, సున్నా డిగ్రీలకు దిగిన లిథియం బ్యాటరీని తెల్లవారగానే ఛార్జింగుకు పెట్టకండి.

బయలుదేరే ముందు అరగంట ఇంజను నడిపి, ఆపి, ఫ్యూజు హోల్డర్ మీద చేయి వేయండి. కాలుతుంటే ప్రయాణం ఆపండి. హోటల్ బుక్ చేసి ఉన్నా సరే, ఆపండి.