ఫైల్ సిస్టమ్ పాఠాలు – 4వ భాగం: వేగం కోసం వదులుకునే భద్రత

గత భాగంలో జర్నల్ గురించి, అంటే ఫైల్ సిస్టమ్ తాను చేయబోయే మార్పులను ముందుగా రాసుకునే చిట్టా గురించి చెప్పుకున్నాం. మామూలు సెట్టింగులతో జర్నల్ కాపాడేది ఫైల్ సిస్టమ్ నిర్మాణాన్నే. ఫైల్లోని డేటాకు అది పూచీ పడదు. ఆ పూచీని ప్రోగ్రామ్ రాసేవారు ఎలా తీసుకోవాలో ఇప్పుడు నేర్చుకుందాం.

ప్రోగ్రామ్ రైట్ కాల్ (ఫైల్లో రాయమని కెర్నల్‌ను అడిగే పిలుపు) ఇవ్వగానే లినక్స్ కెర్నల్ ఆ డేటాను మెమరీలోని పేజ్ క్యాష్‌లో పెట్టుకొని, పని పూర్తయినట్టు జవాబిస్తుంది. డిస్కు మీదికి రాయడం తర్వాత, తీరిగ్గా జరుగుతుంది. మారిన పేజీలు (మెమరీలోని చిన్న ముక్కలు) సుమారు 30 సెకన్ల దాకా మెమరీలోనే ఉండిపోవచ్చు. ఈలోగా కరెంటు పోతే అవి పోయినట్టే. అయితే వేగమంతా ఈ వాయిదాలోనే ఉంది. ఒకే పేజీని పదిసార్లు మార్చినా డిస్కుకు ఒక్కసారి రాస్తే సరిపోతుంది, పక్కపక్క బ్లాకులను కలిపి ఒకేసారి రాసేయవచ్చు.

ఈ వాయిదా ఖరీదు ఎంతో 2009లో చాలామందికి తెలిసివచ్చింది. అంతకుముందు వాడుకలో ఉన్న లినక్స్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ3, తన ఆర్డర్డ్ మోడ్‌లో, సుమారు 5 సెకన్లకోసారి జర్నల్‌ను కమిట్ చేస్తూ (డిస్కు మీద ఖరారు చేస్తూ), దానికి ముందే సంబంధిత డేటాను డిస్కుకు పంపేది. అందువల్ల ఎఫ్‌సింక్ (ఫైలు డేటాను వెంటనే డిస్కుకు రాయమని కెర్నల్‌ను అడిగే కాల్) పిలవని ప్రోగ్రాములు కూడా పెద్దగా దెబ్బతినలేదు. పైగా ఆ మోడ్‌లో ఒక్క ఫైలుకు ఎఫ్‌సింక్ ఇస్తే మిగతా ఫైళ్ల డేటా కూడా రాసేదాకా ఆగవలసి వచ్చేది కనుక, చాలామంది దాన్ని కావాలనే మానుకున్నారు. 2008 డిసెంబరులో, 2.6.28 కెర్నల్‌తో స్థిరపడిన దాని తర్వాతి రూపం ఈఎక్స్‌టీ4 మాత్రం డిస్కుమీద బ్లాకుల కేటాయింపునే వాయిదా వేసింది. దాంతో, ప్రోగ్రాము కొత్త ఫైలు రాసి దానికి పాత ఫైలు పేరు పెట్టినప్పుడు, ఆ పేరుమార్పు సంగతి జర్నల్‌కు ఎక్కేది, కొత్త ఫైల్లోని డేటా మాత్రం డిస్కుకు చేరేది కాదు. అప్పుడు సిస్టమ్ ఆగిపోతే, తిరిగి మొదలయ్యాక డెస్క్‌టాప్ సెట్టింగుల ఫైళ్లు సున్నా బైట్లతో కనిపించాయి. యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్, ఎఫ్‌సింక్ లేకుండా ఏ హామీ ఇవ్వదని ఈఎక్స్‌టీ4 నిర్వాహకుడు థియొడోర్ చో వివరించారు, అయినా 2.6.30లో ఇలాంటి పేరుమార్పును గుర్తించి డేటాను ముందే పంపే ఏర్పాటు చేశారు. ఆ వాదన సరైనదే అయినా, వాడేవారి ఫైళ్లు పోతున్నప్పుడు ఈ ఏర్పాటు కూడా అవసరమే అని నా అభిప్రాయం.

ఒక ఫైలును భద్రంగా మార్చే పద్ధతి ఇది. అదే డైరెక్టరీలో తాత్కాలిక ఫైలు తెరిచి, కొత్త డేటా మొత్తం రాసి, దానిపై ఎఫ్‌సింక్ పిలిచి, అది తిరిగి ఇచ్చిన విలువను తప్పక పరీక్షించాలి. లోపం లేకపోతేనే రీనేమ్‌తో అసలు పేరు పెట్టాలి. చివరగా డైరెక్టరీపై కూడా ఎఫ్‌సింక్ పిలవాలి, ఎందుకంటే పేరు మారిన సంగతి నమోదయ్యేది అక్కడే. ఇలా చేస్తే మధ్యలో కరెంటు పోయినా పాత ఫైలో కొత్త ఫైలో, ఏదో ఒకటి పూర్తిగా దక్కుతుంది.

ప్రతి ఫైలుకూ ఇంత శ్రమ అక్కర్లేదు. కంపైలర్ మధ్యలో తయారుచేసే ఆబ్జెక్ట్ ఫైళ్లు, థంబ్‌నెయిళ్లు, బ్రౌజర్ క్యాష్ లాంటివి పోతే మళ్లీ పుట్టించుకోవచ్చు కనుక అక్కడ వేగాన్నే ఎంచుకోండి. డిస్కు బారియర్లను (రాతలు సరైన వరుసలో డిస్కుకు చేరేలా చూసే ఏర్పాటును) ఆపేయడం మాత్రం వేరే సంగతి: బ్యాటరీ రక్షణ ఉన్న కంట్రోలర్ లేనిచోట అలా చేస్తే ఫైల్ సిస్టమ్ నిర్మాణమే చెడిపోవచ్చు.

అభ్యాసం: ఒక పెద్ద ఫైలును కాపీ చేసి, వెంటనే ప్రాక్ డైరెక్టరీలోని మెమ్‌ఇన్ఫో ఫైల్లో డర్టీ (ఇంకా డిస్కుకు చేరని డేటా) అన్న వరుస చూడండి, సింక్ కమాండ్ ఇచ్చి మళ్లీ చూడండి. తర్వాత మీరు వాడే ఎడిటర్‌ను స్ట్రేస్ (ప్రోగ్రామ్ కెర్నల్‌కు ఇచ్చే కాల్‌లను చూపే పరికరం) కింద నడిపి, ఫైలు సేవ్ చేసినప్పుడు రీనేమ్‌కు ముందు ఎఫ్‌సింక్ వస్తున్నదో లేదో రాసుకోండి.