రిలే బోర్డు రిపేరు - 4వ పాఠం: సప్లై ఎక్కడ పడిపోతోంది?

కిందటి పాఠంలో రిలేలో కాయిల్ (కరెంటు ఇస్తే అయస్కాంతమయ్యే తీగచుట్ట) వేరు, కాంటాక్టులు (ఆ అయస్కాంతం కలిపే స్విచ్) వేరు అని చూశాం. ఈసారి మనకు కావలసింది కాయిల్ వైపు మాత్రమే. అందుకని కాంటాక్టులకు బిగించిన 230 వోల్టుల వైర్లను ముందు పూర్తిగా విప్పి పక్కన పెట్టండి. స్విచ్ ఆపితే చాలదు. పాత ఇళ్ళలో స్విచ్ న్యూట్రల్ మీద వేసి ఉండొచ్చు, అప్పుడు ఆపినా వైర్లో కరెంటు ఉంటుంది.

చాలామంది రిలేలన్నీ ఆఫ్‌లో ఉండగా మీటర్ పెట్టి, 5 వోల్టులు కనిపించగానే సప్లై బాగుందని వదిలేస్తారు. ఆ రీడింగ్‌ని నమ్మకండి. నీలం రంగు 5 వోల్టుల రిలే కాయిల్ సుమారు 70 ఓములు ఉంటుంది, అంటే ఆన్ అయినప్పుడు ఒక్కొక్కటి 70 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. ఎనిమిది రిలేల బోర్డులో అన్నీ వేస్తే 560 మిల్లీ ఆంపియర్లు. రిలేలను నడిపే చిన్న కంట్రోలర్ బోర్డు ఆర్డుయినో ఊనోలో యూఎస్‌బీ దారికి ఉన్న ఫ్యూజే 500 మిల్లీ ఆంపియర్లది!

మీటర్‌ని డీసీ 20 వోల్టుల మీద పెట్టి, ప్రోబ్‌లు రిలే బోర్డు పిన్నుల దగ్గరే ఆనించండి. రిలేలను ఒక్కొక్కటిగా ఆన్ చేస్తూ ప్రతిసారీ రీడింగ్ రాసుకోండి. బోర్డు దగ్గర 4.3కి పడి, అడాప్టర్ దగ్గర 5 ఉంటే తప్పు మధ్యలో ఉన్న సన్నటి జంపర్ వైర్లది, లేదా లూజు కనెక్షన్‌ది. రెండు చోట్లా పడితే అడాప్టర్ చాలడం లేదు.

ఇక బాగా తిప్పలు పెట్టేది మూడో రకం. కాసేపు చక్కగా నడిచి ఆగిపోతుంది, కాసేపటికి తనే మళ్ళీ వస్తుంది. 12 వోల్టుల అడాప్టర్ నుంచి 7805 చిప్‌తో 5 వోల్టులు తీసే బోర్డుల్లో ఇది మామూలు. మిగిలిన 7 వోల్టులూ ఆ చిప్‌లో వేడిగా మారతాయి. మూడు రిలేలు, ఆర్డుయినో కలిపి 260 మిల్లీ ఆంపియర్లు అనుకుందాం. 0.26ని 7తో గుణిస్తే సుమారు 1.8 వాట్లు. హీట్‌సింక్ (వేడిని లాగేసే లోహపు రేకు) లేని 7805 ఒక్కో వాట్‌కి 65 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, అంటే చుట్టూ ఉన్న గాలికన్నా 118 డిగ్రీలు ఎక్కువ. గదిలో 30 ఉంటే చిప్ లోపల 148. అది 150 దగ్గర తనను తాను ఆపేసుకుంటుంది కాబట్టి, బల్ల మీద ఎలాగోలా నెట్టుకొస్తుంది. అదే బోర్డుని రోహిణి కార్తెలో విజయవాడ డాబా మీద, ట్యాంకు మోటారు పక్కన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. డబ్బా లోపల 50 అయినా లెక్క 168కి పోతుంది. మధ్యాహ్నం ఆగి, పొద్దు వాలాక పనిచేసే బోర్డుల రహస్యం ఇదే. ప్రోగ్రాంలో తప్పు వెతుకుతూ రాత్రిళ్ళు టెన్షన్ పడక్కర్లేదు.

మన ఎండలకు హీట్‌సింక్‌ని నమ్ముకోమని నేను చెప్పను. 7805ని పక్కనపెట్టి మంచి 5 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టర్ వాడండి, లేదా ఎల్ఎం2596 బక్ మాడ్యూల్ (అంత వేడెక్కకుండా వోల్టులు తగ్గించే చిన్న బోర్డు) పెట్టండి. మాడ్యూల్‌ని బోర్డుకి కలిపేముందే స్క్రూ తిప్పి 5 వోల్టులకు సరిచేయాలి. పనిలో పనిగా కెపాసిటర్ల నెత్తి ఉబ్బిందేమో చూసి, ఉబ్బితే మార్చేయండి.

ఎల్ఈడీ వెలిగినా రిలే టిక్కుమనకపోతే రిలే బోర్డు మీద జేడీ-వీసీసీ అని రాసిన పిన్నుకున్న జంపర్ (రెండు పిన్నులను కలిపే చిన్న టోపీ) ఊడిందేమో చూడండి. కాయిల్‌కి కరెంటు వచ్చేది ఆ పిన్ను నుంచే.

రీడింగుల కాగితం దాచుకోండి. 5వ పాఠంలో కాయిల్ పక్కనుండే డయోడ్‌ని పరీక్షించేటప్పుడు కావాలి.