మోడల్‌లో బ్యాంకు ఉంది, సంక్షోభం మాత్రం రావడం లేదా?

డైనేర్‌లో (ఆర్థిక మోడళ్లను పరిష్కరించే సాఫ్ట్‌వేర్) బ్యాంకులున్న మోడల్ నడిపేవాళ్లకు తరచూ ఎదురయ్యే చిక్కులివి. లెక్కలు ఆర్థికవేత్తలు గర్ట్లర్–కరాడిల 2011 మోడల్‌వి. వేరే మోడలైనా వెతికే పద్ధతి పెద్దగా మారదు.

స్టెడీ స్టేట్ దొరకడం లేదు

స్టెడీ స్టేట్ అంటే షాకులేవీ లేనప్పుడు మోడల్ నిలకడగా ఉండే స్థితి. ముందు స్ప్రెడ్ (ఆస్తి రాబడికీ డిపాజిట్ వడ్డీకీ మధ్య తేడా) చూడండి. ఏడాదికి 1 శాతం అనుకున్న స్ప్రెడ్‌ను త్రైమాసిక మోడల్‌లో 0.01 అని రాసేస్తుంటారు. రాయాల్సింది 0.0025. ఇంత చిన్న తేడా మోడల్‌నే ఎలా ముంచుతుందో చేత్తో లెక్కేస్తే తెలుస్తుంది. బ్యాంకరు మరో త్రైమాసికం కొనసాగే అవకాశం 0.972, లివరేజి (ఆస్తులు బ్యాంకు సొంత సొమ్ము నెట్‌వర్త్‌కు ఎన్ని రెట్లో) 4, డిస్కౌంట్ ఫ్యాక్టర్ (వచ్చే త్రైమాసికపు రూపాయికి ఇప్పుడిచ్చే విలువ) 0.99 కాబట్టి డిపాజిట్ మీద రాబడి 1.0101. అప్పుడు పాత బ్యాంకర్ల నెట్‌వర్త్ ఒక త్రైమాసికంలో ఇన్ని రెట్లవుతుంది:

0.972 × (0.0025 × 4 + 1.0101) = 0.9915

కొత్త బ్యాంకర్ల చేతికిచ్చే సొమ్ము ఆస్తుల్లో 0.002 వంతు, అంటే నెట్‌వర్త్‌లో 0.008. కలిపితే దాదాపు 1; నెట్‌వర్త్ ఉన్నచోటే నిలుస్తుంది. అదే 0.01 పెడితే మొదటి భాగమే 1.0207 అవుతుంది. నెట్‌వర్త్ పెరుగుతూనే పోతుంటే స్టెడీ స్టేట్ ఎక్కడిది? తొలి విలువలు ఎన్నిసార్లు మార్చినా దొరకదు.

షాక్ ఇచ్చినా బ్యాంకు చెక్కుచెదరడం లేదు

ఇది కాలాల తికమక. డిపాజిట్ వడ్డీ ముందు త్రైమాసికంలోనే ఖాయమైపోతుంది, ఆస్తి మీద రాబడి షాక్ తగిలాకే తేలుతుంది. కాబట్టి నెట్‌వర్త్ సమీకరణంలో డిపాజిట్ వడ్డీ పక్కన (-1), అంటే గత త్రైమాసికపు విలువ అన్న గుర్తు, ఉండాలి, ఆస్తి రాబడి పక్కన ఉండకూడదు. ఆస్తి రాబడికి (-1) తగిలిస్తే షాక్ వచ్చిన త్రైమాసికంలో నష్టమే కనబడదు. డిపాజిట్ వడ్డీకి మరిచిపోతే, కేంద్ర బ్యాంకు రేటు తగ్గించగానే పాత డిపాజిట్ల ఖర్చు కూడా తగ్గి నష్టం కొంత పూడిపోతుంది.

సరిదిద్దాక ఇలా పరీక్షించండి: ఆస్తులు 100, నెట్‌వర్త్ 25. ఆస్తుల విలువ 5 శాతం పడితే నెట్‌వర్త్ 20కి దిగుతుంది, అంటే 20 శాతం నష్టం. లివరేజి 4.75కి ఎక్కుతుంది. మొదటి త్రైమాసికంలో ఈ నాలుగు రెట్ల దెబ్బ కనబడకపోతే సమీకరణంలో ఇంకా ఏదో తేడా ఉన్నట్టే.

బ్లాంచర్డ్–కాన్ షరతు తప్పింది

మోడల్‌కు ఒకే ఒక్క నిలకడైన పరిష్కారం ఉండాలన్నదే ఈ షరతు. టేలర్ సూత్రంలో (ద్రవ్యోల్బణాన్ని బట్టి కేంద్ర బ్యాంకు వడ్డీ రేటు మార్చే నియమం) ద్రవ్యోల్బణం గుణకం 1 కన్నా ఎక్కువ ఉందా? 1.5 పెట్టినా ఇదే ఎర్రర్ వస్తుంటే, ఉత్పత్తి సమీకరణంలో మూలధనానికి (-1) ఉందో లేదో చూడండి.

రిస్క్ ప్రీమియం సున్నా

రిస్క్ ప్రీమియం అంటే రిస్క్ మోసినందుకు దక్కే అదనపు రాబడి. ఆర్డర్ అంటే మోడల్‌ను ఏ స్థాయి ఉజ్జాయింపుతో పరిష్కరిస్తున్నామన్నది. ఆర్డర్ 1లో (లీనియర్) అనిశ్చితి లెక్కలోకే రాదు. ఆర్డర్ 2లో ప్రీమియం వస్తుంది కానీ కదలదు. కాలంతో పాటు మారాలంటే ఆర్డర్ 3 కావాలి. సిమ్యులేషన్ పేలిపోతుంటే ప్రూనింగ్ (పై ఆర్డర్ పదాలు పేరుకుపోకుండా కత్తిరించే పద్ధతి) పెట్టండి. బ్యాంకు అప్పు పరిమితి వల్ల పుట్టే స్ప్రెడ్ దీనికి వేరు. అది ఆర్డర్ 1లోనూ కదులుతుంది. ఈ రెండింటినీ ఒకటే అనుకుని రాసిన థీసిస్‌లు తక్కువేం కాదు.

2008 లాంటి పతనం రావడం లేదు

అమెరికాలో బీఏఏ బాండ్లకు (మధ్యస్థ రేటింగున్న కంపెనీల బాండ్లు), పదేళ్ల ట్రెజరీకి (ప్రభుత్వ బాండు) మధ్య రాబడి తేడా 2007 మధ్యలో 2 శాతం పాయింట్ల లోపే ఉండేది, 2008 డిసెంబరుకు 6 దాకా పోయింది. లీనియర్ మోడల్‌లో షాక్ రెట్టింపైతే ఫలితమూ సరిగ్గా రెట్టింపే, కాబట్టి అలాంటి ఎగబాకుడు దానికి చేతకాదు. పైగా పాలసీ రేటును సున్నా కిందికి దింపేస్తుంది. ఫెడ్ (అమెరికా కేంద్ర బ్యాంకు) రేటు 2008 డిసెంబరు నుంచి 2015 డిసెంబరు దాకా 0–0.25 శాతం దగ్గరే ఆగింది. రేటు సున్నా దగ్గర ఆగే ఆ హద్దు కోసం డైనేర్‌లోని ఆక్‌బిన్ (ఇలాంటి హద్దులను లెక్కలోకి తెచ్చే సాధనం) వాడండి. దాంతో రిస్క్ ప్రీమియం మాత్రం రాదు. డిపాజిటర్లు ఒక్కసారిగా ఎగబడడం చూపాలంటే ఈ మోడల్‌ను సాగదీయకండి, గర్ట్లర్–కియొటాకి 2015 మోడల్‌తో మొదలుపెట్టండి.