అకితాలో ఓడ దిగి నమహగే చూడబోతున్నారా? ముందు ఇవి చూసుకోండి

జపాన్ క్రూయిజ్ సీజన్ వస్తోంది. అకితా రేవులో ఆగే ఓడ ఎక్కుతున్నవాళ్ల కోసం ఇది. నమహగే అంటే రాక్షసుడి ముసుగు, గడ్డి దుస్తులు వేసుకుని ఇళ్లకొచ్చి పిల్లల్ని బెదిరించే వేషం.

– తిరిగి ఓడెక్కే టైమ్ ముందు రాసిపెట్టుకోండి. ఓడ బయల్దేరే టైమ్ కాదు, అంతకన్నా ముందుంటుంది. ఓడవాళ్ల టూర్ లేటైతే మామూలుగా ఆగుతారు. సొంతంగా వెళ్తే ఆగరు, తర్వాతి రేవుకు మీ ఖర్చుతో పరుగెత్తాలి.

– నమహగే ఊరైన ఓగా స్టేషన్ దాకా రైలుంది. అక్కణ్ణుంచి షిన్‌జాన్‌లోని నమహగే మ్యూజియం నడిచే దూరం కాదు. బండి ముందే మాట్లాడుకోండి.

– మ్యూజియం పక్కనే ఉన్న పాత గడ్డికప్పు ఇంట్లో నమహగే ప్రదర్శన. టైమింగ్స్ ముందే చూడండి. అది తప్పితే మిగిలేది మ్యూజియంలో పెట్టిన ముసుగులే. అసలు ఆచారం డిసెంబర్ 31 రాత్రి నమహగేలు ఊళ్లో ఇళ్లకు రావడం. 2018లో యునెస్కో జాబితాకెక్కింది. మనం చూసేది దాని నమూనా. అయినా తలుపు దబదబా బాది, గడ్డి దుస్తుల్లో లోపలికొచ్చి ఏడుసార్లు కాళ్లు నేలకేసి కొడితే పెద్దవాళ్లకే గుండె ఝల్లుమంటుంది.

– అందుకే పసిపిల్లలకు ముందే చెప్పి, వెనక కూర్చోబెట్టండి. "ఏడ్చే పిల్లలున్నారా?" అని అరవడమే నమహగేల పని. మన బూచాడు మాటల్లోనే ఉంటాడు, ఇక్కడ ఎదురుగా వస్తాడు.

– రాలిన గడ్డిపోచ శుభమంటారు. నేలమీద పడింది ఏరుకోండి, ఒంటిమీంచి లాగకండి.

– ప్రదర్శన జరిగే ఇంట్లో బూట్లు విప్పాలి. చిరగని సాక్సులు!

– కొంత యెన్ నగదు ఉంచుకోండి, కార్డు అన్నిచోట్లా నడవదు.