ప్లగ్ వైర్లు మార్చాక కారు స్టార్ట్ కావడం లేదా? ఇలా వెతకండి

కొత్త ప్లగ్ వైర్లు బిగించారు. తాళం తిప్పితే సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, ఇంజన్ మాత్రం అందుకోవడం లేదు. ఇలాంటప్పుడు చాలామంది పెట్రోలు పంపును అనుమానిస్తారు, కొందరైతే కొత్త కాయిల్ (స్పార్క్‌కు కావలసిన హెచ్చు వోల్టేజీ పుట్టించేది) కొనడానికి బయలుదేరతారు. నిన్నటిదాకా నడిచిన బండి వైర్లు మార్చగానే మొరాయించిందంటే, లోపం చాలావరకు మీ చేయి పడిన చోటే ఉంటుంది. డబ్బు తీసే ముందు అక్కడ చూడండి.

ఉదాహరణకు కార్బొరేటర్ (పెట్రోలును గాలితో కలిపేది), డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్‌ను వంతులవారీగా ఒక్కో సిలిండర్‌కు పంచేది) ఉన్న పాత మారుతి 800ను తీసుకుందాం. 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజన్. పాత ఓమ్నీ ఇంజన్ కూడా ఇలాంటిదే, కాకపోతే ముందు సీట్ల కింద ఉంటుంది. ఆ ఇరుకులో చేత్తో తడుముకుంటూ బిగిస్తే వైర్లు తారుమారు కావడం ఇంకా సులువు.

గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేయండి. ప్లగ్ వైర్లలో పారేది వేల వోల్టుల కరెంటు. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు వాటిని చేత్తో పట్టుకోకండి. ఒక్కోసారి ఐదు సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టవద్దు, మధ్యలో కాస్త విరామం ఇవ్వండి. సెల్ఫే తిరగకపోతే అది వైర్ల సంగతి కాదు, బ్యాటరీ టెర్మినళ్లు చూడాలి.

1. ముందు చెవి పెట్టి వినండి

కార్బొరేటర్‌లోంచో సైలెన్సర్‌లోంచో టప్పుమని పేలుతుంటే స్పార్క్ వస్తోంది, కానీ రావలసిన సిలిండర్‌కు రావడం లేదు. అంటే వైర్ల వరుస తప్పింది, రెండో మెట్టుకు వెళ్లండి. ఏ ఉలుకూ పలుకూ లేకుండా ఇంజన్ ఊరికే తిరుగుతుంటే బహుశా స్పార్కే లేదు, మూడో మెట్టుకు వెళ్లండి.

2. వరుస సరిచూడండి

ఈ ఇంజన్ ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరుస, 1-3-2. టైమింగ్ బెల్టు వైపున్నది ఒకటో సిలిండర్. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మీద వైర్లను 1-2-3 అని వరుసగా పెట్టేయడమే అందరూ చేసే పొరపాటు. అలా పెడితే రెండో సిలిండర్‌కు, మూడో సిలిండర్‌కు వైర్లు మారిపోతాయి, సరిగ్గా మండేది ఒక్కటే. ఒక్క సిలిండర్ బలంతో ఇంజన్ దగ్గుతుంది తప్ప నడవదు. నాలుగు సిలిండర్ల కార్లలో సాధారణంగా కనిపించే వరుస 1-3-4-2. అక్కడ రెండు వైర్లు మారినా మిగతా రెండు సిలిండర్లతో బండి ఒక్కోసారి వణుకుతూనైనా స్టార్ట్ అవుతుంది. మూడు సిలిండర్ల బండికి ఆ వెసులుబాటు లేదు.

క్యాప్ మీద ఒకటో నంబరు చోటు ఏదో గుర్తు లేకపోతే ఇలా కనుక్కోండి. తాళం తీసేసి, ఒకటో ప్లగ్ విప్పి, రంధ్రం మీద బొటనవేలు ఆనించి ఉంచండి. క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా వేసి, ఇంజన్ మామూలుగా తిరిగే దిక్కుకే మెల్లగా తిప్పండి. లోపలి గాలి వేలిని బయటికి నెట్టడం మొదలయ్యాక, టైమింగ్ గుర్తు (పిస్టన్ పైకి చేరిందని చూపేది) ఎదురుగా వచ్చేదాకా తిప్పి ఆపండి. ఇప్పుడు క్యాప్ తెరిస్తే లోపల తిరిగే ముక్క, అంటే రోటర్, దాని కొన క్యాప్‌లో వైరు తగిలే ఏ గుబ్బ వైపు చూస్తుందో అదే ఒకటో నంబరు. రోటర్ ఎటు తిరుగుతుందో చూసుకుని అదే దిక్కులో తరువాతి గుబ్బకు 3, ఆ తరువాత 2 పెట్టండి. దిక్కు ఊహించి పెడితే మళ్లీ మొదటికే వస్తారు.

3. నడిమి వైరు, క్యాప్

కాయిల్ నుంచి క్యాప్ నడిమికి వచ్చే వైరు ఊడితే మూడు సిలిండర్లూ ఒకేసారి చచ్చుబడతాయి. రెండు చివరలూ గట్టిగా కూర్చున్నాయా చూడండి. కాయిల్ మీది సన్నని వైర్లు పని చేసేటప్పుడు మోచేయి తగిలి ఊడిపోతుంటాయి, వాటినీ చూడండి. క్యాప్ తెరిచి ఉంటే రోటర్ మళ్లీ పెట్టారా, క్యాప్ ఒక పక్కకు ఎత్తుగా లేదా అన్నది గమనించండి. రోటర్ బల్ల మీదే మిగిలిపోవడం వర్క్‌షాపుల్లో కొత్తేమీ కాదు.

4. వైరు నిజంగా ప్లగ్‌కు తగిలిందా?

రబ్బరు టోపీ కిందికి దిగినంత మాత్రాన లోపలి రేకు ప్లగ్‌ను పట్టినట్టు కాదు. టక్కుమని బిగిసినట్టు చేతికి తెలియాలి. ప్లగ్గులు కూడా కొత్తవైతే వాటి తల మీది చిన్న నట్టు ఉందో లేదో చూడండి. కొన్ని ప్లగ్గులకు అది విడిగా వస్తుంది, చాలా కార్ల వైర్లు ఆ నట్టునే పట్టుకుంటాయి. మల్టీమీటర్ ఉంటే ఒక్కో వైరును రెండు చివరల మధ్య కొలవండి. మామూలు కార్బన్ వైర్లకు కొన్ని వేల ఓమ్‌లు చూపాలి, పొడవైన దానికి ఎక్కువ. అసలేమీ చూపకపోతే వైరు లోపల తెగిందన్నమాట. కొత్తదంతా మంచిదని నమ్మనక్కర్లేదు. పాత వైర్లు పారేయకుండా ఉంటే, వాటిని తిరిగి పెట్టి చూడటం అన్నిటికన్నా తేలికైన పరీక్ష.

5. స్పార్క్ చూడండి

ఒక పాత ప్లగ్‌ను వైరుకు తగిలించి, దాని లోహపు ఒంటిని ఇంజన్ లోహానికి ఆనించండి. పిడికి రబ్బరు తొడుగున్న పట్టకారుతో పట్టుకోండి. కార్బొరేటర్‌కు దూరంగా ఉండాలి, పెట్రోలు వాసన వస్తుంటే ఈ పరీక్ష జోలికే పోవద్దు. ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. చిటపటమంటూ నీలంగా వస్తే సరే. పసుప్పచ్చగా, నీరసంగా ఉంటే కాయిల్, క్యాప్ పరీక్షించాలి.

6. తడిసిన ప్లగ్గులు

ఇన్నిసార్లు సెల్ఫ్ కొట్టాక ప్లగ్గులు పెట్రోలుతో తడిసి ఉంటాయి. వరుస సరిచేసినా వెంటనే స్టార్ట్ కాకపోవడానికి ఇదే కారణం. ప్లగ్గులు విప్పి, తుడిచి, కాసేపు ఆరనిచ్చి బిగించండి. చోక్ లాగకుండా, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచి సెల్ఫ్ కొట్టండి. అందుకోగానే కాలు తీసేయండి.

డిస్ట్రిబ్యూటర్ లేకుండా కాయిల్ ప్యాక్ (ఒకే చోట ఉన్న కాయిల్ల సెట్టు), వైర్లు ఉన్న నాలుగు సిలిండర్ల కార్లలో లెక్క వేరు. సాధారణంగా 1, 4 ఒక జత, 2, 3 ఇంకో జత. జతలో రెండింటికీ ఒకేసారి స్పార్క్ వస్తుంది కాబట్టి వాటి వైర్లు పరస్పరం మారినా ఇంజన్‌కు తేడా తెలియదు. ఒక జత వైరు ఇంకో జతలోకి వెళ్తేనే చిక్కు.

బండి స్టార్ట్ అయ్యాక బానెట్ వెంటనే మూయకండి. చీకట్లో, ఇంజన్ తిరుగుతుండగా దూరం నుంచి చూడండి. వైర్ల మీద సన్నని నీలి మెరుపులు పాకుతుంటే కరెంటు కారుతోంది. ఇంజన్ ఆపి, చల్లారాక ఆ వైరును ఎగ్జాస్ట్‌కు, లోహానికి ఆనకుండా క్లిప్పుల్లో సర్దండి. అప్పటికీ మెరుపులు ఆగకపోతే ఆ వైరు మార్చాల్సిందే. ఈసారి ఒక్కటి తీసి, దాని చోటే కొత్తది పెట్టాకే రెండోదాని జోలికి వెళ్లండి.