ఆస్టియోపాత్ దగ్గరికి మొదటిసారి పోతున్నరా? పోయే ముందు, లోపల, వచ్చినంక ఏం చేయాలె

నడుము పట్టేసిందంటే మనోళ్లు ముందు బామ్ రాస్తరు, తగ్గకపోతే ఊళ్ళె ఆర్‌ఎంపీ దగ్గర ఇంజక్షన్ వేయించుకుంటరు, అప్పటికీ తగ్గలేదంటే ఎవరో ఒకరు "ఫలానా దగ్గర చేతులతోనే సెట్ చేస్తరంట, పో" అని చెప్తరు. పోండి, తప్పేం లేదు, కానీ యూట్యూబ్‌ల మెడ టక్కుమని తిప్పే వీడియోలు చూసి అదే ఆస్టియోపతి అనుకొని పోకండి.

1874ల అమెరికాల ఆండ్రూ టేలర్ స్టిల్ అనే డాక్టర్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. కండరాలు, జాయింట్లు, వెన్నుపూసలను చేతులతో పరీక్ష చేసి, చేతులతోనే ట్రీట్మెంట్ చేస్తరు. అమెరికాల డీఓ అంటే, అంటే ఆస్టియోపతి డిగ్రీ చదివినోళ్లు, మందులు రాసి ఆపరేషన్లు కూడా చేసే ఫుల్ డాక్టర్. బ్రిటన్‌ల అయితే 1993 చట్టం ప్రకారం ఆస్టియోపాత్‌ల కౌన్సిల్‌ల రిజిస్టర్ అయితేనే ఆస్టియోపాత్ అని పేరు పెట్టుకోవాలె. మన దగ్గర ఆస్టియోపాత్‌లకంటూ అట్లాంటి ప్రత్యేక కౌన్సిల్ లేదు, ఫిజియోథెరపీ చదివి దాని మీద ఆస్టియోపతి కోర్సు చేసినోళ్లూ ఉంటరు, కొన్ని రోజుల ట్రైనింగ్‌తో బోర్డు పెట్టినోళ్లూ ఉంటరు. అందుకే చూసుకునే బాధ్యత మొత్తం మన మీదనే పడుతది.

ముందు, అక్కడికి పోయే నొప్పేనా కాదా చూసుకోండి

ఇది అన్నిటికంటే ముఖ్యం. నడుము నొప్పితో పాటు మూత్రం ఆగిపోయినా, తెలియకుండ పోయినా, దొడ్డికి కంట్రోల్ లేకపోయినా, తొడల మధ్యల, కూర్చునే చోట మొద్దుబారినట్టు ఉన్నా, కాలుల బలం తగ్గుకుంట వస్తున్నా ఏ సెంటర్‌కూ పోకండి. రాత్రి అయినా సరే వరంగల్ ఎంజీఎం దవాఖాన క్యాజువాలిటీకో మీకు దగ్గరల ఉన్న పెద్ద దవాఖానకో పోండి. నరాల మీద ఒత్తిడి పడితే ఆలస్యమైన కొద్దీ నష్టం ఎక్కువ, పొద్దున చూద్దాంలే అనుకునేది కాదు.

బండి మీద నుంచి పడ్డాక వచ్చిన నొప్పి, జ్వరంతో ఉన్న నొప్పి, ఊరికే బరువు తగ్గుకుంట రాత్రిళ్లు నిద్ర పట్టనియ్యని నొప్పి, ముందు క్యాన్సర్ వచ్చినోళ్లకు కొత్తగా మొదలైన నొప్పి, ఇవన్నీ కూడా ముందు డాక్టర్ చూడాల్సినవే. ఎముక విరిగిందా, ఇన్ఫెక్షనా అని తెల్వకుండ ఎవరి చేతుల్లో పెట్టొద్దు.

ఫోన్ చేసి అడగండి

మొహమాటపడొద్దు. "సార్, మీరు ఏం చదివిండ్రు, ఎక్కడ చదివిండ్రు, ఫిజియోథెరపీ డిగ్రీ ఉన్నదా?" అని సూటిగా అడగండి. చదువుకున్నోళ్లు చక్కగ చెప్తరు. మొదటిసారికి ఎంత, తర్వాత ఎంత తీసుకుంటరో కూడా అప్పుడే కనుక్కోండి. నొప్పి చూడకముందే పదిహేను సిట్టింగుల ప్యాకేజీ, పైసలు అడ్వాన్స్ కట్టాలె అంటే నేనైతే పోను. షుగర్, థైరాయిడ్, పిల్లలు కాకపోవడం అన్నీ వెన్నుపూస సెట్ చేస్తే తగ్గుతయి అంటే అక్కడికి అసలే పోకండి.

ఏం పట్టుకపోవాలె

పాత ఎక్స్‌రేలు, ఎంఆర్ఐ ఫిల్ములు, డాక్టర్ చీటీలు, వాడుతున్న గోలీలు అన్నీ ఒక కవర్‌ల వేసుకపోండి. రక్తం పల్చబడే గోలీలు, చాలా ఏండ్లుగా వాడుతున్న స్టెరాయిడ్లు, ఎముకల బలం తగ్గిందని ఎవరైనా చెప్పి ఉంటే ఆ ముచ్చట, గర్భం, పేస్‌మేకర్, పాత ఆపరేషన్లు ఏదీ దాచొద్దు. ఊళ్ళె వేసుకున్న ఇంజక్షన్ పేరు తెల్వకపోతే వేసుకున్న విషయమన్నా చెప్పండి. లూజు బట్టలు వేసుకోండి, చీరల పోయే అమ్మలు ఒక చుడీదార్ బ్యాగుల పెట్టుకుంటే సులువు. ఆడోళ్లు తోడు ఒకరిని తీసుకపోండి, లోపల కూడా పక్కన ఉండనియ్యమని అడగండి, ఇది మీ హక్కు.

లోపల ఏం జరుగుతది

మంచి వాళ్లయితే ముందు చేతులు వెయ్యరు, మాట్లాడుతరు. మా పిన్ని చిన్నప్పటి నుంచి బీడీలు చుడుతది, మెడ వంచి వంచి కుడి భుజం దాకా గుంజుతుండె. ఆమెను కూర్చోబెట్టిన థెరపిస్ట్ ముందు చాట ఎక్కడ పెట్టుకుంటవు, ఎంతసేపటికి ఒకసారి లేస్తవు అని అడిగి, ఒళ్ళో చాట పెట్టుకున్నట్టే కూర్చొని చూపియ్యమన్నది. తర్వాతనే మెడ తిప్పి చూసింది, చేతులల్ల బలం చూసింది, మోచేతి దగ్గర చిన్న సుత్తితో కొట్టి చూసింది. నాట్లేసే వాళ్లయినా, ఎనుమాముల మార్కెట్‌ల బస్తాలు మోసే హమాలీలయినా అంతే, మీరు రోజూ చేసే పని ఏందో విప్పి చెప్పండి, "నడుము నొప్పి" అని ఒక్క మాటతో ఆపకండి.

తర్వాత నిలబడమంటరు, వంగమంటరు, పడుకోబెట్టి మోకాలు వంచకుండ కాలు పైకి లేపుతరు. ఏం దొరికిందో, ఏం చేయబోతున్నరో చెప్పి ఒప్పుకుంటేనే మొదలుపెట్టాలె. కండరాలను మెత్తగ ఒత్తడం, జాయింట్‌ను మెల్లగ కదిలించడం, మీరు నెడుతుంటే వాళ్లు ఎదురు పట్టడం, ఎక్కువ శాతం ఇట్లనే ఉంటది. టక్ అనే శబ్దం వచ్చిందంటే జరిగిన ఎముక లోపలికి పోయినట్టు కాదు, జాయింట్‌ల ఉండే ద్రవంల గ్యాస్ బుడగ వల్ల వచ్చేది అది. శబ్దం రాలేదని మళ్ల మళ్ల చేయించుకోవద్దు.

మెడను జెర్క్ ఇచ్చి తిప్పడం మీకు ఇష్టం లేకపోతే వద్దని చెప్పండి, వేరే పద్ధతులున్నయి. చాలా అరుదుగానే గాని, మెడల ఉండే రక్తనాళం చీలి పక్షవాతం వచ్చిన కేసులు ఉన్నయి. మధ్యల నొప్పి లేస్తే కూడా పళ్లు కొరుక్కొని ఓర్చుకోకండి, ఆపమనండి.

ఎంఆర్ఐ చూసి "డిస్క్ అరిగింది" అంటే గుండె జారిపోవద్దు. ఏ నొప్పి లేనోళ్ల స్కాన్లు చూసినా 20 ఏండ్ల వయసులనే దాదాపు 37 శాతం మందికి, 80 ఏండ్లోళ్లల్ల 96 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపిస్తదని 2015ల వచ్చిన రివ్యూల తేలింది.

ఇంటికి వచ్చినంక

ఒకటి రెండు రోజులు ఒళ్లు సలుపుతది, అది మామూలే. కానీ మాట ముద్దగ రావడం, చూపు రెండుగ కనిపించడం, బాగ తల తిరగడం, చెయ్యి కాలు పట్టు తప్పడం అయితే వెంటనే 108కి కొట్టండి.

ఎక్సర్‌సైజులు చెప్పకుండ పంపిస్తే అడిగి మరీ నేర్చుకోండి. బ్రిటన్‌ల నైస్ అనే సంస్థ నడుము నొప్పి మీద 2016ల ఇచ్చిన గైడ్‌లైన్ కూడా చేతి వైద్యం ఎక్సర్‌సైజుతో కలిపితేనే చేయాలన్నది, ఉత్తగ టేబుల్ మీద పడుకొని వస్తే సరిపోదు. పిన్నికి చెప్పినవి రెండే, అరగంటకోసారి చాట పక్కన పెట్టి లేవడం, గోడకు ఆనుకొని చేతులు పైకి కిందికి జరపడం. మూడు నాలుగు సార్లు పోయినంక కూడా ఏం ఫరక్ లేకపోతే అక్కడనే తిరుగుకుంట ఉండకండి, ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించుకోండి, ఇక్కడ ఏమేం చేసిండ్రో అది కూడా ఆయనకు చెప్పండి.